మన ఇంట్లో బొంబాయి రక్తం

ఉట్నూర్,
5 ఆగస్టు 2024.

విషయం: తుంటి శాస్త్రచికిత్స – రక్తం దొరకకపోవడం – గురించి.

అక్కకు నమస్కారాలు.

పై విషయానికి సంబంధించి తెలియజేయడమేమనగా, ఫోన్ చేస్తే నీకు వినపడదు. పోయిన నెల నేను ‘తుంటి’ అంటే నువ్వు ‘తొండ’ అని విని, మా ఇంట్లో దూరిందనుకుని నీ మరదలు వనజకు జాగ్రత్తలు చెప్పావు. మెసేజ్ పెడితే తప్పులు దిద్ది తిరిగి పంపుతావు. అందుకని ఈ గిరిజన సంక్షేమ కార్యాలయంలో ముప్పై ఏళ్లుగా చేస్తున్న పనే చేస్తున్నాను. ఉత్తరం రాస్తున్నాను.

నా కుడి తుంటి కీలు అరిగిపోయింది. జీపు ఎక్కలేను, దిగలేను. కరీంనగర్ ఆసుపత్రిలో కొత్త కీలు వేస్తామన్నారు. మా అబ్బాయి భానుప్రసాద్ ఉద్యోగం ఆ ఊళ్లోనే కనుక అన్నీ వాడే చూసుకుంటున్నాడు. ముందుగా రెండు సీసాల రక్తం సిద్ధం చేసుకోవాలన్నారు. నాది ఓ పాజిటివ్ కదా, దానికేం కరువు అనుకున్నాను. అక్కడి బ్లడ్ బ్యాంకులో నవీన అనే అమ్మాయి పనిచేస్తుంది. ఆమె నా రక్తాన్ని ఒక ఓ సీసాతో కలిపి చూసింది. పాలు విరిగినట్టు విరిగింది. ఇంకో సీసా తీసింది, అదీ విరిగింది. అట్లా పదకొండు సీసాలు.

“సార్, మీరు ఇంతకుముందు ఎవరికన్న రక్తం ఇచ్చిండ్రా?” అని అడిగింది.

“ఎవ్వరు అడగలే,” అన్నాను.

నమూనా హైదరాబాద్‌కు పంపారు. నాది ఓ కాదట. బొంబాయి రక్తమట. పదివేల మందిలో ఒకరికి ఉంటుందట. నాకు అటువంటి రక్తమే ఎక్కించాలి, ఇంకేదీ పనికిరాదు. సొంత తోబుట్టువులు ఎవరైనా ఉంటే వాళ్లలో దొరకవచ్చని నవీన చెప్పింది. అది దొరికేదాకా ఆపరేషన్ తేదీ ఇవ్వనన్నాడు డాక్టరు.

కావున ఈ బొంబాయి రక్తసంబంధం విషయమై మన కన్నతల్లి అవ్వను విచారించి, తగు చర్య తీసుకోగలవని కోరుతున్నాను.

ఇట్లు,
తుంటి మీద చెయ్యి పెట్టుకుని రాస్తున్న నీ తమ్ముడు,
అంబదాస్

---

మెట్‌పల్లి,
12 ఆగస్టు 2024.

చిరంజీవి తమ్ముడు అంబదాస్‌ను అక్క జమున దీవించి రాసేది.

ఉత్తరం అందింది. అందులో ఒకటే తప్పు ఉంది కానీ అది మొదటి లైన్లోనే ఉంది. శాస్త్రచికిత్స కాదు, శస్త్రచికిత్స. ఇరవై ఎనిమిదేళ్లు తెలుగు చెప్పినదాని తమ్ముడివి. చెవుల వల్ల బడి ముందే మానేశాను గానీ కళ్లు బాగానే పనిచేస్తున్నాయి.

ఇక అసలు సంగతి. బాపు పద్దెనిమిదేళ్లు బొంబాయి మిల్లులో బట్ట నేశాడు. ఏడాదికి రెండుసార్లు ఇంటికొచ్చేవాడు. అవ్వ ఇక్కడ బీడీలు చుట్టి మనల్ని సాకింది. ఆ మనిషికి అక్కడ ఇంకో సంసారం ఉందని ఒక్కనాడూ అనుకోలేదు. కానీ రక్తం అబద్ధం చెప్పదు కదా. ‘రక్తసంబంధం’ అని నువ్వే రాశావు.

అవ్వ కోపంగా ఉందో లేదో చూసుకుని, పక్కన కూర్చుని నెమ్మదిగానే అడిగాను: “అవ్వా, బాపుకు బొంబాయిల ఇంకెవరన్న పిల్లలు ఉండెనా?”

నాకు వినపడదు కాబట్టి ఎంత నెమ్మదిగా అడిగానో నాకు తెలియలేదు. పక్కింటివాళ్లు టీవీ గొంతు తగ్గించారని తర్వాత తెలిసింది.

అవ్వ రెండు పూటలు అన్నం ముట్టలేదు. మూడో పూట నా చెవి మిషన్ తెచ్చి తానే నా చెవిలో పెట్టింది. “ఇన్నేండ్లకు బయటవడ్డది. గా కానావళి శాంతాబాయే,” అంది.

ఎవరని అడిగాను. మిల్లు పనివాళ్లకు అన్నం వండిపెట్టే ఆమె అట. “సెలవుకు వచ్చినప్పుడల్లా ఆమె చేసిన పప్పు గురించే చెప్తుండె. ఆర్నెల్లకొక్కసారి ఇంటికొచ్చిన మనిషి పెండ్లం ముంగట ఇంకోదాని పప్పు గురించి ఎందుకు చెప్తడు?” అంది.

అవ్వ లేచి బాపు ఫొటోను గోడవైపు తిప్పేసింది. దండ మాత్రం తీయలేదు. అది ఇప్పుడు ఫొటో వీపు మీద వేలాడుతోంది.

నువ్వేం దిగులు పడకు. ఆ శాంతాబాయికి కొడుకో కూతురో ఉంటే భానుప్రసాద్‌ను బొంబాయి పంపి వెతికించు. వాళ్ల మీద నాకేం కోపం లేదు. నా తమ్ముడికి రక్తం ఇచ్చేవాళ్లు నాకూ తోబుట్టువులే. వస్తే మన ఇంట్లోనే దిగమను. పప్పు మాత్రం అవ్వ ముందు వండవద్దని చెప్పు.

తగు చర్య తీసుకున్నాను.

నీ అక్క,
జమున

---

ఉట్నూర్,
19 ఆగస్టు 2024.

విషయం: బాపు ఫొటోను వెంటనే యథాస్థానంలో తిప్పడం – గురించి.
సూచిక: నీ ఉత్తరం, తేదీ 12-8-2024.

అక్కకు నమస్కారాలు.

నీ ఉత్తరం ఆఫీసులో విప్పాను. వెంటనే ఇంటికి తెచ్చాను. వనజకు చూపిస్తే కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పోయింది. ఏడ్చిందో నవ్విందో తెలియదు.

అక్కా, బాపుకు ఏ సంసారమూ లేదు. ఆ రక్తాన్ని మొదట బొంబాయిలో కనిపెట్టారు కాబట్టి ఆ పేరు పెట్టారు. అంతే. ఆ ఊరికి పోనివాళ్లకూ ఉంటుంది. నవీన నాకు కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. ఆమె మాటల్లోనే రాస్తున్నాను.

“సార్, ఎర్ర కణం ఒక ఇల్లు అనుకోండ్రి. ఇంటి ముంగట అరుగు ఉంటది. ఏ గ్రూపోళ్ల అరుగు మీద ఒకాయన కూసుంటడు. బీ గ్రూపోళ్ల అరుగు మీద ఇంకొకాయన. ఏబీ అంటే ఇద్దరు కూసుంటరు. ఓ అంటే అరుగు ఉంటది, కూసునేటోళ్లు లేరు. మీ ఇంటికి అరుగే లేదు సార్.”

“అరుగు లేకుంటే ఏమైతది?” అన్నాను.

“మీకేం కాదు. కానీ మీ రక్తం అరుగును ఎన్నడు చూడలే. అరుగు ఉన్న ఇల్లు లోపలికొస్తే దొంగలొచ్చిండ్రని కొడ్తది. లోకంల అందరి ఇండ్లకు అరుగులున్నయి. గందుకే మీకు ఎవ్వరిది పడ్తలేదు.”

మన అవ్వాబాపులది దగ్గరి సంబంధమా అని కూడా అడిగింది. అవ్వకు బాపు సొంత మేనమామే అని చెప్పాను. ఆ అరుగు లేకపోవడం అనేది ఇద్దరిలోనూ సగం సగం దాగి ఉండి, నాలో కలిసి బయటపడిందట. అందుకే నా అక్కకూ ఉండవచ్చట, నలుగురిలో ఒకరి లెక్కన. నేను ‘తగు చర్య’ అని రాసింది నువ్వు వెళ్లి నీ రక్తం పరీక్ష చేయించుకోమని. మా ఆఫీసులో ఆ మాట రాస్తే ఎవరికి వాళ్లు అర్థం చేసుకుంటారు. లేదా ఏమీ చేయరు. ఏదైనా ఇంత దూరం పోదు.

భానుప్రసాద్ రక్తం పనికిరాదన్నారు. ఇక్కడ ఆఫీసులో నన్ను అందరూ ‘నమస్కార్ శేట్’ అంటున్నారు. అందులో ఒకాయన మరాఠీలోనే మాట్లాడుతున్నాడు. కర్ర పట్టుకుని నడుస్తున్నాను.

ఇంకొక మాట. నవీన ‘సొంత అక్కనేనా’ అని రెండుసార్లు అడిగింది. చిన్నప్పుడు నన్ను శేరు తవుడు పోసి కొన్నారని నువ్వు రోజూ చెప్పేదానివి. ఏడేళ్ల దాకా నమ్మాను. ఎవరి రక్తంతోనూ కలవని నా రక్తాన్ని చూస్తే యాభై ఏడేళ్ల వయసులో మళ్లీ అదే గుర్తుకొచ్చింది. నవ్వకు. ఆ సంగతి ఎంతవరకు నిజమో తెలియజేయగలవు.

ఇట్లు,
అరుగు లేని ఇల్లు,
అంబదాస్

---

మెట్‌పల్లి,
27 ఆగస్టు 2024.

చిరంజీవి అంబదాస్‌కు అక్క ఆశీస్సులు.

ముందు తవుడు సంగతి. అబద్ధం. నువ్వు పుట్టాక అవ్వ పక్కన పడుకునే చోటు నీకు పోయింది. దానికి నేను తీర్చుకున్న కసి అది. నువ్వు ఏడుస్తూ తవుడు కొట్టుకు పోయి, ‘నన్ను ఎవలు అమ్మిండ్రు’ అని అడిగిన రోజున బాపు సెలవు మీద ఇంట్లోనే ఉన్నాడు. నాకు వీపు మీద పడ్డాయి. అయినా మానలేదు. ఇన్నేళ్లు నీ మనసులో ఉందని తెలిస్తే ఎప్పుడో చెప్పేదాన్ని.

నీ ఉత్తరం అవ్వకు చదివి వినిపించాను. అరుగు మాట బాగా అర్థమైంది. ఫొటో మాత్రం తిప్పనంటోంది. “రక్తం సంగతి వేరే, పప్పు సంగతి వేరే,” అంటోంది. నిన్న నేను అన్నంలో పప్పు కలుపుకుంటుంటే ఎట్లుందని అడిగింది. బాగుందన్నాను. “మీ బాపు ఒక్కనాడు అనలే,” అని అటువైపు తిరిగింది.

ఇక నా సంగతి. ఉత్తరం అందిన మర్నాడే జగిత్యాల బస్సెక్కి ఒక ల్యాబ్‌లో రక్తం ఇచ్చాను. సాయంత్రానికి కాగితం చేతికొచ్చింది. ఓ పాజిటివ్ అని రాసి ఉంది. మూడుసార్లు చదివాను. ‘పాజిటివ్’ స్పెల్లింగు తప్పు రాశారు తప్ప వేరే పొరపాటు లేదు.

తమ్ముడా, నాది మామూలు రక్తం. నాకూ నీ లాంటిదే ఉంటే బాగుండునని బస్సులో దారంతా అనుకుంటూ పోయాను. తిరిగి వచ్చేటప్పుడు నా పక్కన కూర్చున్న ఆమె ఎందుకు ఏడుస్తున్నావని అడిగింది. నా రక్తం బాగుందని రాశారని చెప్పాను. ఆమె లేచి వేరే సీట్లో కూర్చుంది.

ఇక ఏం చేయాలో నాకు తోచడం లేదు. హైదరాబాద్‌లో అటువంటివాళ్ల పేర్లు రాసిపెట్టుకుంటారట కదా. భానుప్రసాద్‌ను అడగమను. నువ్వు కర్ర లేకుండా నడవకు.

నీకు ఏ విధంగానూ పనికిరాని అక్క,
జమున

---

ఉట్నూర్,
3 సెప్టెంబరు 2024.

అక్కకు,

ఈసారి విషయం, సూచిక రాయడం లేదు. ఈ ఉత్తరం ఎవరికీ చదివి వినిపించకు. అవ్వకు కూడా వద్దు.

మొదట నీ రక్తం. నాకూ యాభై ఏడేళ్లు ఓ పాజిటివ్ అనే రాశారు. మామూలు పరీక్షలో అరుగు మీద ఎవరూ లేరు అన్నంతవరకే చూస్తారు. అరుగు ఉందో లేదో చూడరు. నవీనకు ఫోన్ చేసి చెప్పాను. “ఆ కాగితం పక్కకు పెట్టుండ్రి సార్. అక్కను నా దగ్గరికి పంపుండ్రి. మీ రక్తం లెక్క ఆమెది గూడ ఓ సీసాల మీద కొడ్తదో లేదో నేను చూస్త,” అంది. కాబట్టి ఆ ఏడుపు ఆపి కరీంనగర్ వెళ్లు. భానుప్రసాద్ బస్టాండుకు వస్తాడు.

ఇప్పుడు ఇంకొక సంగతి. తొమ్మిదేళ్ల కింద మా భానుప్రసాద్ కాలేజీలో చేరినప్పుడు గుర్తింపు కార్డు కోసం రక్తం పరీక్ష చేశారు. బి పాజిటివ్ అని వచ్చింది. నాది ఓ. వనజది ఓ, కాన్పు కాగితాల్లో ఉంది. ఇద్దరూ ఓ అయితే పిల్లలకు బి రాదని వాడి పుస్తకంలోనే ఉంది. పట్టిక కూడా గీసి ఉంది. నేను ఆ పేజీ చదివాను. నలుగురు చదివేంత సేపు చదివాను.

ఎవరికీ చెప్పలేదు. వనజను అడగలేదు. అడగాలని చాలాసార్లు నోటిదాకా వచ్చింది. ఆమె అన్నం పెడుతుంటే, బట్టలు మడతపెడుతుంటే, ‘ఏమైంది గట్ల చూస్తున్నవ్’ అంటే, ఏం లేదు అనేవాణ్ని. వాడు నా కొడుకు కాకపోతే ఏం చేస్తాను అని కూడా ఆలోచించాను. ఏమీ చేయను అని తేలింది. నాలుగేళ్ల వయసులో వాణ్ని భుజాన వేసుకుని వాగు దాటి దవాఖానకు తీసుకుపోయాను. ఆ దారి అంతా నడిచింది నేనే కదా. అట్లా అనుకుని ఊరుకున్నాను. కానీ ఊరుకోవడం వేరు, మర్చిపోవడం వేరు.

మొన్న పరీక్షకు కరీంనగర్ పోయినప్పుడు నవీనను మామూలుగా అడిగినట్టు అడిగాను: “నాలాంటోనికి బి గ్రూపు కొడుకు పుడ్తడా?”

“ఎందుకు పుట్టడు సార్? మీ లోపల బి ఉండొచ్చు. మీకు అరుగు లేదు గనక ఆయన కూసునే జాగ లేక కనిపిస్తలేడు. పిల్లగానికి తల్లి దిక్కునుంచి అరుగు వస్తది. ఆడ పోయి కూసుంటడు.”

నేను బ్లడ్ బ్యాంకు బెంచీ మీదనే కూర్చుండిపోయాను. ఆ అమ్మాయి పరేషాన్ అయి నీళ్లు తెచ్చింది. బీపీ కూడా చూసింది.

అక్కా, తొమ్మిదేళ్లు ఆ మనిషిని అనుమానించాను. ఒక్క మాట అనలేదు నిజమే. కానీ అనుమానించాను. ఇప్పుడు చెప్పాలా, చెప్పకుండా చచ్చేదాకా మంచిగా ఉండాలా? నీకు తోచింది రాయి.

అంబదాస్

---

మెట్‌పల్లి,
18 సెప్టెంబరు 2024.

తమ్ముడు అంబదాస్‌కు,

నీ ఉత్తరం చదివి చింపేశాను. తప్పులు చూడలేదు. ఉన్నాయో లేవో కూడా తెలియదు.

పోయిన బుధవారం కరీంనగర్ వెళ్లాను. నేనొక్కదాన్నే పోదామనుకుంటే అవ్వ చీర మార్చుకుని గడపలో నిలబడింది. నవీన మంచి పిల్ల. నాకు వినపడదని తెలిసి కాగితం మీద రాసి మాట్లాడింది. నా రక్తం తీసుకుని లోపలికి పోయింది. మేమూ భానుప్రసాదూ బయట కూర్చున్నాం. గంట తర్వాత తలుపు తీసి రెండు చేతుల వేళ్లూ ముడిచి చూపించింది. నాకు అర్థం కాలేదు. భానుప్రసాద్ నా చెవి దగ్గరికి వచ్చి, “విరిగిపోయింది అత్తా, ఓ సీసాల మీద అన్నిట్ల విరిగిపోయింది,” అన్నాడు. విరగడం మంచిదా చెడ్డదా అని నేను తేల్చుకునేలోపే వాడు నన్ను పట్టుకుని కుర్చీతో సహా లేపేశాడు.

నాది కూడా బొంబాయే. నీకూ నాకూ ఒకటే.

అవ్వ నవీన చెయ్యి పట్టుకుని అడిగింది. “అయితే గిద్దరు ఒక్క తీరేనా?”

“ఒక్క తీరే అవ్వా. ఇద్దరు నీ పిల్లలే.”

“గది నాకు ఎరుకే. నేను కనలేదా. మరి నాది? నేను గూడ బొంబాయేనా?” అని చెయ్యి చాచింది. ఆమెకు పరీక్ష అవసరం లేదని నవీన ఎంత చెప్పినా వినలేదు. చివరికి చేసింది. అవ్వది బి పాజిటివ్. మామూలు రక్తమేనని తెలిసి అవ్వ మొహం చిన్నబోయింది. పిల్లలిద్దరికీ ఉన్నది తనకు లేకపోయిందని ఊరు చేరేదాకా సణుగుతూనే ఉంది.

నేను మాత్రం అవ్వ రక్తం కాగితాన్ని పట్టుకుని చాలాసేపు చూశాను. నువ్వు ఆ ఉత్తరం రాయకపోతే నాకు అందులో ఏమీ కనిపించేది కాదు. అవ్వ బి. నీలో కూర్చునే చోటు లేక ఆ బి కనబడలేదు. నీ కొడుకులో కనబడింది. వాడిది వాళ్ల నాయనమ్మ రక్తం. వాడు అప్పుడు అవ్వకు బస్టాండులో చెరుకు రసం తాగిస్తున్నాడు, పక్కన నిలబడి గ్లాసు పట్టుకుని.

నా వయసు, బరువు, హిమోగ్లోబిన్ అన్నీ సరిపోయాయి. ఒక సీసా నాది తీసుకుంటారు. ఒకటి ఆపరేషన్‌కు ముందే నీ నుంచే తీసి దాచి నీకే ఎక్కిస్తారట. అక్టోబరు మొదటి వారంలో తేదీ ఇస్తామన్నారు.

ఇంటికి రాగానే అవ్వ బాపు ఫొటోను ఇటు తిప్పింది. ఎందుకని అడిగితే, “కోపం వడి తిప్పిన, కొడుకు ఫికర్ వోయింది. పప్పుకు తర్వాత చూస్త,” అంది. దండ కొత్తది వేసింది.

వనజ విషయం. చెప్పు. నేనైతే వినాలనుకుంటాను. తొమ్మిదేళ్లు మా ఆయన నన్ను ఎట్లా చూశాడో తెలియకుండా మంచితనం పుచ్చుకోవడం నాకైతే ఇష్టం ఉండదు. కానీ ఆఫీసు భాషలో చెప్పకు. ‘పై విషయానికి సంబంధించి’ అన్నావంటే ఆమె సగంలో లేచిపోతుంది. ‘నేను నిన్ను అనుమానించిన’ అని చెప్పు. తర్వాత నోరు మూసుకుని ఆమె ఏమంటే అది విను.

నీ సొంత అక్క,
జమున

---

కరీంనగర్,
14 అక్టోబరు 2024.

అక్కకు నమస్కారాలు.

ఆపరేషన్ అయింది. నీ సీసా ఎక్కించేటప్పుడు నేను మెలకువగానే ఉన్నాను. నడుము కింద మాత్రమే మొద్దుబారింది. నవీన తానే లోపలికి తెచ్చి ఇచ్చిందట. నర్సు సీసా మీద పేరు చదివింది, ‘జమున, వయసు యాభై తొమ్మిది’ అని. నీ రక్తం నా చేతిలోకి దిగుతుంటే ఒకటే భయం, ఇక మీదట నేను కూడా అందరి ఉత్తరాలూ దిద్దుతానేమోనని. ఇప్పటిదాకా అట్లాంటిదేమీ కాలేదు. మూడో రోజు నాలుగు కాళ్ల కర్ర పట్టుకుని కిటికీ దాకా నడిచాను.

కిటికీ నుంచి తిరిగి మంచం మీద కూర్చున్నాక చెప్పాను. వనజ బత్తాయి ఒలుస్తోంది. భానుప్రసాద్ చాయ్ తేవడానికి కిందికి పోయాడు. నువ్వు రాసినట్టే చెప్పాను. కార్డు సంగతి, పుస్తకం సంగతి, తొమ్మిదేళ్ల సంగతి. ‘నేను నిన్ను అనుమానించిన’ అన్నాను. తర్వాత అరుగు సంగతి, అవ్వ బి సంగతి కూడా చెప్పాను. ఆమె తొనలు వేరు చేస్తూనే ఉంది.

“నాకు ఎరుకే,” అంది.

ఏం ఎరుక అన్నాను.

“కార్డు నేను గూడ చూసిన. ఊళ్లె దవాఖాన నర్సమ్మను అడిగిన. ఇద్దరు ఓ అయితే బి పుట్టరని ఆమె గూడ చెప్పింది.”

“మరి నన్ను ఎందుకు అడగలే?”

“నిన్ను ఏం అడగాలె? నేనేం తప్పు చెయ్యలేదని నాకు తెల్వదా? గా దినం దవాఖానల ఆరు కాన్పులయినయి. పిల్లలు మారిండ్రు అనుకున్న.”

విన్నావా అక్కా. ఆమె తొమ్మిదేళ్లుగా భానుప్రసాద్ వేరేవాళ్ల బిడ్డ అనుకుని పెంచుతోంది. నేనూ వేరేవాళ్ల బిడ్డే అనుకుని పెంచుతున్నాను. ఇద్దరం ఒకే ఇంట్లో ఒకే కంచం కడుక్కుని.

“మరి గింత పెద్ద సంగతి నాకు ఎందుకు చెప్పలే?” అన్నాను.

“నీకా? నువ్వు ఆఫీసోనివి. చెప్తే ఊకుంటవా? అర్జీ మీద అర్జీ పెట్టి, దవాఖాన రిజిస్టర్లు తిరగేసి, మన పిల్లగాడు యాడున్నడో దేవులాడి తీస్కొస్తువు. వాళ్లొచ్చి వీన్ని తీస్కపోదురు. వీన్ని ఇచ్చుడు నాతోని కాదు.”

బత్తాయి నా చేతిలో పెట్టింది. అప్పుడు ఏడవడం మొదలుపెట్టింది. నేను అనుమానించినందుకనుకుని, తప్పయింది అన్నాను. తల అడ్డంగా ఊపింది.

“గందుకు కాదు. గా ఇంకో పిల్లగాడు. నా కడుపుల పుట్టినోడు ఎవరింట్ల ఉన్నడో, మంచిగ చూస్తున్నరో లేదో అని తొమ్మిదేండ్ల నుంచి తల్సుకోని దినం లేదు. పండుగకు గారెలు చేస్తే వాడు తిన్నడో లేదో అనుకుంటుంటి. ఇయ్యాల నువ్వు వాడు లేనే లేడంటివి.”

నాకు కూడా ఏడుపొచ్చింది. ఆ పిల్లవాడి కోసమే వచ్చింది. నేను వాణ్ని ఎన్నడూ తలచుకోలేదు, అయినా.

అప్పుడే భానుప్రసాద్ మూడు చాయ్‌లు పట్టుకుని వచ్చాడు. ఇద్దరినీ చూసి చాయ్ కింద పెట్టి, “సిస్టర్, మా బాపుకు మస్తు నొప్పి లేస్తుంది,” అని కేక వేసుకుంటూ పరుగెత్తాడు. నర్సు సూదితో వచ్చింది. నొప్పి లేదని చెబుదామంటే వాడి ముందే ఎందుకు ఏడుస్తున్నారని అడుగుతుంది. వనజ వాడి మొహం వైపే చూస్తోంది. నేను మారు మాట్లాడకుండా చెయ్యి చాపి సూది వేయించుకున్నాను.

నీ తమ్ముడు,
అంబదాస్